మిలిట్రీ నుంచి ఎప్పుడు రావాలన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. మీ జిల్లా ఎడిషన్‌లో ఈమధ్య రిటైరై ఊరికొచ్చిన జవాన్ల ఫోటోలు తరచుగా చూస్తున్నాను. మెడలో దండలు, పూలు కట్టిన జీపు, డప్పులు, జెండాలు పట్టుకున్న బడిపిల్లలు. చూస్తే సంతోషంగా ఉంటుంది. నేను కాపురానికొచ్చిన రోజుల్లో పెన్షన్ వచ్చినవాళ్లు నల్ల ట్రంకుపెట్టె, బెడ్డింగు భుజాన వేసుకుని సింగరాయకొండలో రైలు దిగి, ఎవరికీ తెలియకుండానే ఇంటికి చేరేవారు. ఈ గౌరవం వాళ్లకు దక్కాల్సిందే. అయితే ఫోటో కింద మీరు రాసేది ఎప్పుడూ ఒకటే ఉంటోంది: ఇన్నేళ్లు దేశసేవ చేసి పదవీ విరమణ పొందారు అని. ఒకరు 17 ఏళ్ల సర్వీసుకే ఎందుకు వచ్చేశారు, ఇంకొకరు 26 ఏళ్లు ఎందుకు ఉన్నారు, వచ్చేముందు ఏ లెక్క చూసుకున్నారు, ఇంట్లో ఎవరినైనా అడిగారా? ఇవి కూడా రాయండని అడగడానికే ఈ ఉత్తరం.

మాది కొండపి మండలం. మా ఆయన ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, హవల్దార్‌గా చేసి 2025లో పెన్షన్ వచ్చారు. 1999లో, కార్గిల్ యుద్ధం ముగిసిన కొద్ది నెలలకు, గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు వాళ్ల ర్యాలీలో సెలెక్టయి వెళ్లారు. మిలిట్రీలో నేను లేను గానీ, ఎప్పుడు రావాలన్న మాట మా ఇంట్లో కొన్నేళ్ల పాటు రోజూ నడిచింది. అందుకే రాస్తున్నాను.

బయటివాళ్లు చాలామంది మిలిట్రీలో రిటైర్మెంట్ అంటే గవర్నమెంటు టీచరుకో గుమాస్తాకో వచ్చినట్టు ఒక తేదీకి దానంతటది వస్తుందనుకుంటారు. అలా కాదు. జవానుకి 15 ఏళ్ల సర్వీసు నిండితే పెన్షన్‌కి అర్హత వస్తుంది. ఆ తర్వాత ఎన్నాళ్లు ఉండొచ్చన్నది ర్యాంకును బట్టి ఉంటుంది. నాయక్‌కు 22 ఏళ్లు, హవల్దార్‌కు 24, నాయబ్ సుబేదార్‌కు 26. వీటి మీద ఇంకో రెండేళ్లు ఎక్స్‌టెన్షన్ ఉంటుంది. మెడికల్ కేటగిరీ, క్రమశిక్షణ రికార్డు చూసి స్క్రీనింగ్ బోర్డు ఇస్తుంది, వయసు పరిమితి కూడా చూస్తారు. వద్దనుకుంటే అన్‌విల్లింగ్ అని రాసివ్వాలి. అంటే 35 ఏళ్ల వయసు దాటిన దగ్గర్నుంచి ప్రతి జవాను ముందూ ఏటా ఇదే ప్రశ్న ఉంటుంది. ఉండాలా, వచ్చెయ్యాలా?

దానికి జవాబు ఎక్కడ దొరుకుతుంది? బ్యారక్‌లో తోటివాళ్ల మాటల్లో. ఒకాయన ఇప్పుడే వచ్చెయ్యి, బయట బ్యాంకు ఉద్యోగాలు ఉన్నాయంటాడు. ఇంకొకాయన పే కమిషన్ దాకా ఆగమంటాడు. క్లర్కు చెప్పేది ఒకటి, ఫోన్‌లో వాట్సాప్ గ్రూపు చెప్పేది ఇంకొకటి. భార్యకు మాత్రం తేలిపోయాక చెబుతారు. ఆవిడ ఏం అడగాలో ఆవిడకూ తెలియదు, ఎందుకంటే ఈ రూల్స్ ఏవీ ఇంటిదాకా రావు. వచ్చినా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి.

మా ఆడబిడ్డ భర్త సంగతి చెబుతాను. నేను అన్నయ్య అని పిలుస్తాను. చాలా మంచి మనిషి. నాయక్‌గా 17 ఏళ్ల సర్వీసుకి, 2017లో, తన కోరికపైనే డిశ్చార్జ్ తీసుకుని వచ్చేశారు. ఇంట్లో అన్నదమ్ముల భాగాల గొడవ నడుస్తోంది, తల్లికి ఒంట్లో బాగోలేదు. లీవులో వచ్చి చూసి వెళ్లినవారు ఆర్నెల్లు తిరక్కుండానే కాగితాలు పెట్టేశారు. తల్లి కోసం వచ్చారంటే దాన్ని ఎవరూ తప్పు పట్టరు, నేనూ పట్టను. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు ఆయనకు తెలియని విషయం ఒకటి ఉంది. ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ పథకానికి 2015 నవంబర్ 7న ఉత్తర్వు ఇచ్చారు. 2014 జులై 1 నుంచి దాన్ని వర్తింపజేశారు. అదే ఉత్తర్వులో, ఇక మీదట తమ కోరికపై ముందుగా వచ్చేసేవారికి ఈ పథకం వర్తించదని కూడా ఉంది. దీని మీద కేసులు నడిచాయి. అన్నయ్యకు మామూలు పెన్షన్ వస్తోంది. ఐదేళ్లకోసారి పాతవాళ్ల పెన్షన్‌ని కొత్తగా రిటైరైనవాళ్ల పెన్షన్‌తో సరిచూసి పెంచుతారు కదా, 2019 జులైలో, మళ్లీ 2024 జులైలో పెంచారు, అది మాత్రం ఆయనకు అందలేదు. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చిన తన తోటివాళ్లకు అందింది. ఈ సంగతి ఆ రోజున మా ఆడబిడ్డకు తెలిసి ఉంటే, అత్తగారిని తీసుకుని మిలిటరీ ఆసుపత్రి ఉన్న స్టేషన్‌కి తనే వెళ్లి ఉండేదాన్నని నాతో చాలాసార్లు అంది. అప్పుడు ఆయన పీస్ పోస్టింగ్‌లోనే, అంటే కుటుంబాన్ని తెచ్చుకోగల చోటే ఉన్నారు, క్వార్టర్ కూడా దొరికేది.

తర్వాత జరిగింది మా ప్రాంతంలో చాలా ఇళ్లలో జరిగేదే. గ్రాట్యుటీ, ఫండు, ఇన్సూరెన్స్, కమ్యుటేషన్ డబ్బు అంతా ఒకేసారి అకౌంట్లో పడింది. అంత డబ్బు ఒకచోట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పొలం కౌలుకు తీసుకుని, ఆకు కాల్చే బ్యారన్ కొట్టం కూడా కౌలుకు తీసుకుని పొగాకు వేశారు. ఆకు కొట్టే కూలీల దగ్గర్నుంచి క్యూరింగ్ కట్టెల దాకా అన్నిటికీ డబ్బు ముందు పెట్టాలి. టంగుటూరు వేలంలో ఆ ఏడాది వచ్చిన ధరకు పెట్టుబడి తిరిగి రాలేదు. రెండో ఏడాది అది పూడ్చుకుందామని మళ్లీ వేశారు. ఇప్పుడు ఆయన హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంట్లో సెక్యూరిటీ సూపర్‌వైజర్. తల్లి కోసం వచ్చిన మనిషి మళ్లీ ఇంటికి దూరంగానే ఉంటున్నారు.

కమ్యుటేషన్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. జవాన్లు పెన్షన్‌లో సగం దాకా ముందే ఒక్కసారిగా డబ్బుగా తీసుకోవచ్చు. తీసుకున్న భాగం మళ్లీ పెన్షన్‌లో కలిసేది 15 ఏళ్ల తర్వాతే. ఉదాహరణకు పెన్షన్ నెలకు 24 వేలు అనుకుందాం. సగం కమ్యూట్ చేయిస్తే 15 ఏళ్ల పాటు నెలకు 12 వేలే వస్తుంది, దాని మీద కరువు భత్యం ఉంటుంది. ఆ భత్యం పూర్తి 24 వేల మీదే లెక్కగడతారు, అది కొంత నయం. 36 ఏళ్లకు వచ్చినవాడికి 51 ఏళ్లు వచ్చేదాకా ఇంతే. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అన్నీ ఆ 15 ఏళ్లలోనే వస్తాయి. తీసుకోవద్దని నేను అనడం లేదు. ఇంటి అప్పు తీరుతుందంటే తీసుకోవడమే మంచిది, మేమూ తీసుకున్నాం. ఆ డబ్బు దేనికన్నది ముందే తేలాలి, అదీ భార్యాభర్తలిద్దరి మధ్యా తేలాలి.

తొందరగా రావడం ఎప్పుడూ నష్టమేనని కూడా నేను అనను. మా పక్క ఊరి అబ్బాయి ఒకతను ఆర్మీ సిగ్నల్స్ విభాగంలో చేసి చిన్న వయసులోనే పెన్షన్ వచ్చి, ఇప్పుడు ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కు. అతను రెండేళ్ల ముందు నుంచే లెక్క వేసుకున్నాడు. బ్యాంకుల్లో క్లర్కు స్థాయి పోస్టుల్లో మాజీ సైనికులకు 14.5 శాతం, కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో 10 శాతం రిజర్వేషన్ ఉంది. వయసులో సర్వీసు కాలం తీసేసి, పైన మూడేళ్లు సడలింపు ఇస్తారు. బ్యాంకు పరీక్షలకు మాత్రం ఎంత సడలింపు ఉన్నా 50 ఏళ్లు దాటకూడదు. పెన్షన్‌కి అర్హత వచ్చాక సొంత కోరికపై వచ్చినా మాజీ సైనికుడి కిందే లెక్క, రిజర్వేషన్ పోదు. పెన్షన్ రాకముందే తన ఇష్టంతో వదిలేసినవాడికి ఆ హోదా ఉండదు. అతను యూనిట్‌లో నైట్ డ్యూటీ చేస్తూనే లెక్కలు, రీజనింగ్ చదివాడు. భార్య ఇంటర్ దాకా చదువుకున్న పిల్ల, ఒంగోలు నుంచి పుస్తకాలు కొని పార్సిల్ పంపింది. అతను ఉన్నదాంట్లో కొంత వదులుకుని వచ్చాడు, వదులుకుంటున్నదేమిటో తెలిసే వదులుకున్నాడు.

ఇక మా విషయం. 24 ఏళ్లు పూర్తయ్యే ముందు మా ఆయన ఫోన్ చేసి అడిగారు: "ఎక్స్‌టెన్షన్‌కి సంతకం పెట్టాలంట. ఏమంటావు?" నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రమ్మనాలని ఉంది. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినా, రెండు పీస్ స్టేషన్లలో క్వార్టర్లో ఉన్న కాలం తప్ప మేము కలిసి ఉన్నది ఏడాదికి రెండు నెలల యాన్యువల్ లీవు, ఒక నెల క్యాజువల్ లీవు. అదీ మంజూరైతే. కానీ అమ్మాయి ఇంటర్‌లో ఉంది, ఇంటి లోను ఇంకా ఉంది. ఆర్మీలో ప్రమోషన్ రాకపోయినా 8, 16, 24 ఏళ్లకు జీతం పై స్థాయికి పెంచే పద్ధతి ఉంది, ఎంఏసీపీ అంటారు. పెన్షన్ అంటే చివరి నెల బేసిక్, 5,200 రూపాయల మిలిటరీ సర్వీస్ పే కలిపి అందులో సగం. కాబట్టి చివర్లో జీతం ఒక మెట్టు ఎక్కితే అది బతికినన్నాళ్లూ పెన్షన్‌లో కనిపిస్తుంది, ఆ తర్వాత నాకొచ్చే ఫ్యామిలీ పెన్షన్‌లోనూ కనిపిస్తుంది. ఇవన్నీ కాగితం మీద వేసుకుని, మామయ్యని కూడా కూర్చోబెట్టి అడిగాం. "రెండేళ్లే కదమ్మా, ఉండనీ. పిల్లదాని చదువు ముఖ్యం" అన్నారు ఆయన. ఎక్స్‌టెన్షన్ తీసుకున్నారు.

ఆ రెండేళ్లలో మొదటి చలికాలంలోనే మామయ్య పోయారు. మా ఆయన అరుణాచల్‌లో పోస్టులో ఉన్నారు. మంచు వల్ల కిందికి దిగడానికే రెండు రోజులు పట్టింది. కొరివి మా మరిది పెట్టాడు. మా ఆయన మూడో రోజుకి, అస్థులు తీసే వేళకి వచ్చారు. ఆ విషయం ఆయన ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడరు. నేను మాత్రం ఆ నిర్ణయం తప్పనుకోను. మామయ్యతో సహా అందరం కలిసి అనుకున్నదే అది. ఇలా జరగొచ్చని కూడా మాకు తెలుసు. ఒక్కడే అక్కడ కూర్చుని సంతకం పెట్టి ఉంటే ఆ బరువంతా ఆయన ఒక్కడి మీదే పడేది. ఇంట్లో అడగాలి అని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

పే కమిషన్ కోసం ఆగాలా అన్నది ఇప్పుడు అందరి నోటా ఉంది. 8వ వేతన సంఘానికి 2025 జనవరిలో కేంద్రం ఆమోదం తెలిపాక ఈ మాట మరీ ఎక్కువైంది. 7వ సంఘం వచ్చినప్పుడు, 2016కు ముందు రిటైరైనవారి పాత బేసిక్ పెన్షన్‌ని కూడా 2.57తో హెచ్చవేసి సవరించారు. కొత్త జీతం అందుకున్నాకే రావాలని, దానికోసమే ఇంట్లో అవసరాలన్నీ పక్కన పెట్టి ఆగేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పిల్లల చదువుకీ దీనికీ ఉన్న లింకు కూడా చాలామంది చూసుకోరు. వృత్తి విద్యా కోర్సులు చదివే మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500. మొదటి ఏడాదిలో ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టాలి. మా అమ్మాయి బీటెక్ మొదటి ఏడాదిలో ఉండగా వాళ్ల నాన్న ఇంకా సర్వీసులోనే ఉన్నారు, కాబట్టి రాలేదు. దీనికోసం ఎవరూ ముందుగా రిటైర్ కానక్కర్లేదు. లెక్క వేసేటప్పుడు ఇదీ ఒక లైను.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. మన పేర్లు. పెళ్లయ్యాక మన పేరు, పుట్టిన తేదీ, పిల్లల పేర్లు యూనిట్ నుంచి పార్ట్-2 ఆర్డర్ అనే కాగితంలో రికార్డ్స్ ఆఫీసుకి వెళతాయి. మన దగ్గర ఇంటిపేరు ముందు రాస్తారు, అక్కడి ఫారంలో వెనక రాస్తారు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, పాన్‌లో అత్తింటిది ఉంటుంది. అక్షరం అటూ ఇటూ అయినా రేపు పెన్షన్ ఆర్డర్‌లో, పెన్షన్ల స్పర్శ్ పోర్టల్‌లో, మాజీ సైనికుల వైద్యానికి ఇచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డులో అదే తప్పు దిగుతుంది. సర్వీసులో ఉండగా అయితే యూనిట్‌లోనే కాగితాలు పెట్టి సరిచేయించుకోవచ్చు. వచ్చేశాక అయితే ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న రికార్డ్స్ ఆఫీసుకి అఫిడవిట్లు పంపి ఎదురుచూడాలి. మా మండలంలో ఒక పెద్దావిడ భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం పేరు తేడాతోనే ఏడాదికి పైగా తిరిగింది. ఆ ఏడాదంతా ఆవిడ తిన్నది కొడుకు కూలి డబ్బు. రిటైర్మెంట్ ఎప్పుడైనా సరే, దానికి రెండేళ్ల ముందు భార్య చేతిలో ఆధార్ పట్టుకుని, భర్త దగ్గరున్న రికార్డుతో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి.

ఇంటికి వచ్చాక ఉండే కష్టం గురించి మగవాళ్లు చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఇన్నేళ్లూ ఇల్లు ఆయన లేకుండా నడిచింది. ఫీజులు, ఆసుపత్రి, చావులు, పెళ్లి పిలుపులు, పొలం కౌలు, అన్నీ నేనే చూశాను. ఆయన వచ్చిన కొత్తలో దేంట్లో చెయ్యి పెట్టాలన్నా నన్ను అడగాలి, అడగడం ఆయనకు చిన్నతనంగా ఉండేది. పిల్లలు నాన్న అంటే లీవులో వచ్చే మనిషి అనుకుని పెరిగారు. ఆయన తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి తయారై ఎటు వెళ్లాలో తెలియక వాకిట్లో కూర్చునేవారు. నలభై ఐదేళ్ల మనిషి, ఒంట్లో సత్తువ ఉంది, కింద పనిచేసే కుర్రాళ్లు ఉండేవారు, ఒక్కసారిగా ఏ పనీ లేదు. ఈ టెన్షన్‌లోనే కొందరు తాగుడికి పోతారు, కొందరు దొరికిన పొలమో ప్లాటో కొని డబ్బు పోగొట్టుకుంటారు. వచ్చే తేదీ ముందే తెలిసిన ఇంట్లో ఏం చెయ్యాలన్నది కూడా ముందే మాట్లాడుకోవచ్చు. మేము అలా మాట్లాడుకునే, ఆయన ఆఖరి ఏడాదిలో, రిటైరయ్యే జవాన్లకు బయటి పనులు నేర్పించే డీజీఆర్ వాళ్ల రీసెటిల్‌మెంట్ కోర్సు చేశారు. ఇప్పుడు డీఎస్‌సీకి, అంటే రక్షణ శాఖ స్థావరాలకు కాపలా కాసే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌కి అప్లై చేశారు. మళ్లీ యూనిఫాం వేస్తానంటే మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత ఆయన ముఖంలో తేటదనం చూసి ఊరుకున్నాను.

మా తమ్ముడి కొడుకు 2022 చివర్లో అగ్నివీర్ మొదటి బ్యాచ్‌లో చేరాడు. వాళ్లకు ఎప్పుడు రావాలన్న ప్రశ్నే లేదు. నాలుగేళ్లు, 25 శాతం దాకా మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్లు సేవా నిధి కింద సుమారు 11.71 లక్షలు తీసుకుని రావాలి. పెన్షన్ ఉండదు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల పిల్లలు, చేతిలో అంత డబ్బుతో ఊళ్లోకి వస్తారు. మా అన్నయ్యకు జరిగింది వాళ్లలో ఒక్కడికి కూడా జరగకూడదు. వాళ్ల అమ్మానాన్నలతో ఇప్పుడే మాట్లాడేవాళ్లు కావాలి.

అందుకని నేను కోరేవి రెండు. మొదటిది మీ పత్రికను. సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకి జవాన్లు లీవులో వస్తారు. ఆ నెలల్లో జిల్లా ఎడిషన్‌లో వారానికి ఒక్క అరపేజీ ఈ రూల్స్‌ని తెలుగులో, ఉదాహరణలతో వేయండి. ఏ రూల్ కింద డిశ్చార్జ్ అయితే ఏం వస్తుంది, ఏం పోతుంది అన్నది ముఖ్యంగా రాయండి. రిటైరైనవారి ఫోటో వేసినప్పుడు, వాళ్లు ఒప్పుకుంటే, ఎన్నేళ్లకు వచ్చారు, ఎందుకు వచ్చారు అన్న రెండు మాటలు వాళ్ల భార్యనీ అడిగి రాయండి.

రెండోది ఒంగోలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారిని. మాజీ సైనికుల పనుల మీద అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువమంది అప్పటికే రిటైరైనవాళ్లు, వాళ్ల నిర్ణయం అయిపోయింది. నిర్ణయం ఇంకా తీసుకోనివాళ్లు ఊళ్లలో ఉన్నారు, వాళ్ల భార్యలు ఉన్నారు. సంక్రాంతి వారంలో కొండపి, టంగుటూరు, సింగరాయకొండ, దర్శి, పొదిలి లాంటి చోట్ల మండల ఆఫీసుల్లో ఒక్కో పూట సమావేశం పెట్టండి. పిలుపు సర్వీసులో ఉన్న జవాను పేరున కాకుండా ఇంటి అడ్రసుకు, భార్య పేరున పంపండి. స్థలం, మంచినీళ్లు, మైకు మేము చూసుకుంటాం. మా మండలంలో మాజీ సైనికుల భార్యలం ఇప్పటికే ఈ విషయం అనుకున్నాం.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్ భార్య,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా.